ప్లైవుడ్ కోతలో పెచ్చులు: లేచే చోటు, ఆపే తీరు

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమనున్న రాయచూరు జిల్లాలో కొత్తగా లేస్తున్న ఇళ్లలో ద్వారబంధాలను మినహాయిస్తే చెక్కపనిలో అధికభాగం ప్లైవుడ్‌తోనే సాగుతున్నది. వంటగది అరలు, బట్టల అలమరలు, మంచాలు, దేవుడి గూళ్లు, దుకాణాల కౌంటర్లు, అన్నిటికీ మూలం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల షీటే. తెలుగువారు వడ్రంగి అన్నా, కన్నడిగులు బడగి అన్నా, వెనుకటి తరం పనివారు చెక్క వాటం చూసి చేతి రంపంతో కోసి, అంచున మిగిలిన గరుకును చిత్రిక పట్టి తీసివేసేవారు. కోతలో జరిగిన చిన్న పొరపాటు చిత్రికలో సరిపోయేది. ప్లైవుడ్‌కు ఆ వెసులుబాటు లేదు. రంపం వదిలిన అంచే చివరి అంచు.

ఆ అంచు వెంబడి పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోయిందంటే ముక్కను మరలా కోసి కురచ చేయాలి, లేదా మైకా కింద దాచాలి, లేదా పారవేయాలి. ఒక మేలైన 18 మిల్లీమీటర్ల షీటు వేల రూపాయల సరుకు. అడుగు లెక్కన కూలి మాట్లాడుకొన్న పనిలో చెడిన షీటు ఎవరి ఖాతాలో పడాలన్న తగవు వచ్చినప్పుడు సాధారణంగా నష్టపోయేది పనివారే. విచారించదగిన సంగతి ఏమిటంటే, ఈ పెచ్చుల్లో అధికభాగం యంత్రపు లోపం వల్లనో, చెక్క నాసిరకం వల్లనో వచ్చేవి కావు. షీటును ఏ వైపు తిప్పి పరచారు, బ్లేడును ఎంత లోతుకు దించారు అన్న రెండు విషయాల్లోనే సగం పని తేలిపోతుంది.

షీటు లోపలి సంగతి

ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలను జిగురుతో అతికించి, వేడిమీద ఒత్తి తయారుచేసిన పలక. ఒక పొర నార నిలువుగా ఉంటే దాని పక్క పొర నార అడ్డంగా ఉంటుంది. ఈ అడ్డ నిలువుల అమరికే దానికి బలం. అదే కోతలో చిక్కు కూడా. రంపం ఏ దిక్కుగా పోయినా, సగం పొరలను నార వెంట, సగం పొరలను నారకు అడ్డంగా కోయక తప్పదు.

8 అడుగుల షీటులో రెండు ముఖాల నార సాధారణంగా పొడవు వెంబడి సాగుతుంది. కనుక పొడవునా కోసినప్పుడు పైపొర అంతగా చెదరదు. 4 అడుగుల అడ్డకోతలోనే అసలు కష్టం. అక్కడ ప్రతి నారపోగునూ తెంపవలసి ఉంటుంది. తెగని పోగు పక్కకు చీలి, పొరను వెంటబెట్టుకొని లేస్తుంది.

ఇక ముఖపొర మందం. నేడు మార్కెట్‌లో దొరికే షీట్లలో అది మిల్లీమీటరులో మూడో వంతు మించకపోవడం సాధారణం. ఇంత పలుచన కావడం వెనుక కొంత చరిత్ర ఉన్నది. ఒకప్పుడు ఈశాన్య రాష్ట్రాల అడవులు దేశ ప్లైవుడ్ పరిశ్రమకు పెట్టనికోట. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో అరుణాచల్, అస్సాం ప్రాంతాల్లోని అనేక మిల్లులు మూతపడ్డాయి. పరిశ్రమ హర్యానాలోని యమునానగర్, కేరళలోని పెరుంబావూరు వంటి చోట్లకు మళ్లి పోప్లార్, నీలగిరి, రబ్బరు చెట్ల మీద ఆధారపడసాగింది. లోపలి పొరలకు ఈ తోట చెక్క సరిపోయినా, ముఖానికి మాత్రం మయన్మార్ నుండి వచ్చే గుర్జన్ చెక్కనే వాడేవారు. 2014 ఏప్రిల్‌లో మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. గుర్జన్ ప్రియమైంది. ఆఫ్రికాలోని గబాన్ నుండి వచ్చే ఒకూమే పొరలు దాని చోటును కొంత ఆక్రమించాయి. ఒకూమే గుర్జన్ కన్నా చాలా తేలిక, మెత్తన. మెత్తని పొర పదునులేని పన్ను కింద తెగడం మాని నలిగి చిరుగుతుంది. పాత పద్ధతిలోనే కోస్తున్నా ఇప్పుడు పెచ్చులు ఎక్కువగా లేస్తున్నాయని పనివారు అనుకొంటే అందులో ఆశ్చర్యం లేదు.

పన్ను ఎక్కడ బయటపడుతుంది

చేతితో నడిపే రంపపు మిషను, అనగా అంగడిలో సర్క్యులర్ సా అని అడిగే యంత్రం, 1920లలో అమెరికాలో రూపుదిద్దుకొన్నది. చెరకు నరికే కత్తికి మోటారు బిగించాలన్న ఎడ్మండ్ మిషెల్ ఆలోచన దానికి నాంది అని చెబుతారు. ఇళ్ల దూలాలు, వాసాలు కోయడం దాని తొలి పని. దూలం అంచున పెచ్చు లేచినా అడిగేవారు లేరు. అందుచేత దాని బ్లేడు పనివారికి అనుకూలమైన దిక్కులో తిరుగుతుంది గాని, చెక్క ముఖానికి అనుకూలమైన దిక్కులో కాదు. బ్లేడు ముందుభాగంలోని పళ్లు కిందినుండి పైకి లేస్తూ చెక్కను కోస్తాయి. ఈ లాగుడు వల్లనే మిషను అడుగుపళ్లెం చెక్కను అంటిపెట్టుకొని నిలకడగా సాగుతుంది.

పన్ను చెక్కలోకి దిగే చోట నారపోగులకు వెనుక దన్నుగా మిగతా చెక్క అంతా ఉంటుంది. అవి కదలలేక తెగుతాయి. పన్ను బయటికి వచ్చే చోట ఆ దన్ను లేదు. చివరి పొరకు అవతల గాలి మాత్రమే ఉంటుంది. పన్ను తాకిడికి ఆ పొర తెగకముందే పైకి వంగి చీలుతుంది. అదే పెచ్చు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగిలిన ఉపాయాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. బయటపడే చోట పొర పైకి లేవకుండా అదిమిపట్టడం, లేదా అది లేచే లోపే నారను తెంపివేయడం, ఇంతకు మించిన మంత్రం ఇందులో ఏదీ లేదు.

దీనివల్ల తేలే మొదటి నియమం: చేతి రంపపు మిషనుతో కోసేటప్పుడు షీటు మంచి ముఖం నేలవైపు ఉండాలి. కంటికి కనిపించవలసిన ముఖాన్ని కిందికి తిప్పడం కొత్తవారికి ఎదురుగా తోస్తుంది. గీత స్పష్టంగా కనబడుతుందని మంచి ముఖం పైకి పెట్టి, దాని మీదనే కొలత గీసి కోయడం తరచు జరిగే పొరపాటు. మంచి ముఖం కింద ఉంటే ఇంకొక లాభమూ ఉన్నది: మిషను అడుగుపళ్లెం ఈడ్చుకుపోయే గీరలు కూడా వెనుకవైపే పడతాయి. అయితే కొలతలు వెనుకవైపు గీస్తున్నారు గనుక కుడి ఎడమలు తారుమారు అవుతాయి. తలుపు ముక్కలకు కీళ్ల వైపు ఏదో ముందుగా రాసి పెట్టుకోవాలి.

బల్లకు బిగించిన రంపంలో పళ్లు ముందువైపున పైనుండి కిందికి దిగుతాయి. అక్కడ మంచి ముఖం పైకి ఉండాలి. చేతి రంపం తోసినప్పుడు కిందికి కోస్తుంది గనుక దానికీ పైకే. ఒకే పనిచోట రెండు రకాల యంత్రాలు వాడేవారు ఈ తేడాను మరచి షీట్లను పాడుచేసుకోవడం కద్దు.

లోతు తగ్గితే వాలు తగ్గుతుంది

బ్లేడును పూర్తిగా దించి కోయడం చాలామందికి అలవాటు. ఎంత మందం చెక్క వచ్చినా మరలా సరిచేసుకోనక్కరలేదన్నది వారి వాదన. కోత సంగతి చూస్తే ఇది చెడ్డ అలవాటు. 185 మిల్లీమీటర్ల బ్లేడు 18 మిల్లీమీటర్ల షీటు అడుగునుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనబడేలా బిగిస్తే, పళ్లు పైముఖంలోనుండి సుమారు 40 డిగ్రీల వాలుతో బయటపడతాయి. అదే బ్లేడును 65 మిల్లీమీటర్ల లోతుకు దించితే ఆ వాలు 70 డిగ్రీలు దాటుతుంది. అనగా పన్ను దాదాపు నిట్టనిలువుగా పైకి లేచి పొరను గుద్దుతుంది. వాలు తక్కువైన కొద్దీ పన్ను పొరను పైకి ఎత్తడం తగ్గి, ముందుకు కోయడం పెరుగుతుంది. షీటు అడుగున ఒక పన్ను ఎత్తు, అనగా 3 నుండి 5 మిల్లీమీటర్లు కనబడితే చాలు. ఇందువల్ల చేతికి కూడా రక్షణ. షీటు కింద తిరిగే బ్లేడు ఎంత తక్కువ ఉంటే ప్రమాదం అంత తక్కువ.

రెండు ముఖాలూ కనబడే పనులు కొన్ని ఉంటాయి. అలమర నడిమి పలకలు, రెండు వైపులా మైకా అతికించిన తలుపులు అటువంటివి. ఏ ముఖాన్ని కిందికి తిప్పినా రెండవది పైన ఉండక తప్పదు. అక్కడ ఇదే వాలు సూత్రం మరింత చక్కగా పనికివస్తుంది. మొదట బ్లేడును 2 మిల్లీమీటర్ల లోతుకే బిగించి, గైడుకు ఆనించి ఒకసారి గీత మీదుగా నడపాలి. ఆ లోతులో పళ్లు 12 డిగ్రీల వాలుతో, దాదాపు పడుకొని బయటికి వస్తాయి. పైపొర లేవడానికి ఆస్కారం ఉండదు. పిమ్మట గైడును కదపకుండా బ్లేడును పూర్తి లోతుకు దించి అదే గాడిలో మరలా నడపాలి. రెండవ పర్యాయం పళ్లు బయటపడే చోట పైపొర ఇదివరకే తెగి ఉంటుంది గనుక చీలడానికి ఏమీ మిగలదు. సమయం రెట్టింపు పడుతుందన్న మాట నిజమే. కాని మైకా అతికించిన షీటు ఒకటి చెడితే పోయే సొమ్ముతో పోల్చితే ఆ నిమిషం లెక్కలోనిది కాదు.

మొదటి పర్యాయంలో మిషనును వెనుకకు లాగుతూ కోస్తే ఇంకా నునుపుగా వస్తుందని కొందరు చెబుతారు. అది చేయరాని పని. అలా లాగినప్పుడు పళ్లు చెక్కను పట్టుకొని చక్రంలా పరుగెత్తి మిషనును పనివారి మీదికే తోస్తాయి.

బ్లేడు, దాని పళ్లు

కొత్త మిషనుతో పాటు వచ్చే బ్లేడుకు సాధారణంగా 24 పళ్లు ఉంటాయి. అది దూలాలకు, రీపర్లకు తగినది. ప్లైవుడ్‌కు 185 మిల్లీమీటర్ల బ్లేడులో 40కి తగ్గకుండా, వీలైతే 60 పళ్లు ఉండాలి. లెక్క సులభం. నిమిషానికి 5,200 సార్లు తిరిగే బ్లేడును నిమిషానికి 3 మీటర్ల వేగంతో తోస్తే, 24 పళ్లలో ఒక్కొక్కటి మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందం కొరుకుతుంది. 60 పళ్లయితే నూరో వంతు మాత్రమే. కొరుకుడు పలుచనైన కొద్దీ పొర మీద తాకిడి తగ్గుతుంది. ఆ వేగంలో 4 అడుగుల అడ్డకోతకు 24 సెకండ్లు పడుతుంది. చాలామంది దీనిలో సగం సమయంలోనే ముగించాలని తొందరపడతారు. అట్లని మరీ మెల్లగా పోతే పళ్లు కోయడం మాని రాపాడతాయి. అంచు నల్లబడి కాలిన వాసన వస్తుంది. చెవికి వినిపించే మోటారు రొద తగ్గకుండా, ఒకే తీరున సాగడమే సరైన వేగానికి గుర్తు.

పళ్ల ఆకారం కూడా చూడాలి. ప్లైవుడ్ బ్లేడులో ఒక పన్ను ఎడమకు, మరుసటిది కుడికి వాలుగా సానపట్టి ఉంటుంది. ఆ వాలు కొసలు చిన్న కత్తుల్లా కోత ఇరువైపులా నారను ముందుగా తెంపుతాయి. మైకా అతికించిన పలకలకైతే ఒక పన్ను మొనలు చెక్కి, మరొకటి చదునుగా ఉండే ట్రిపుల్ చిప్ బ్లేడు మేలు. ఏదైనా కార్బైడ్ మొనలు గలదే వాడాలి. ప్లైవుడ్ జిగురు గట్టిపడిన తరువాత ఉత్త ఉక్కు పన్నును చాలా త్వరగా మొద్దుబారుస్తుంది. బ్లేడు మీది బాణం గుర్తు, మిషను మీది బాణం గుర్తు ఒకే దిక్కుకు ఉన్నవో లేవో బిగించేటప్పుడే చూసుకోవాలి.

మొద్దుబారిందని పారవేసే బ్లేడ్లలో కొన్ని నిజానికి మురికి పట్టినవి. పళ్ల పక్కన జిగురు, రంపపు పొట్టు పేరుకొని గోధుమరంగు పెంకు కడుతుంది. మిషను ప్లగ్గు తీసి, బ్లేడు విప్పి, సబ్బునీళ్లలో కొంతసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, తడి లేకుండా తుడిస్తే చాలామట్టుకు పూర్వపు కోత తిరిగి వస్తుంది.

కత్తి గాటు, టేపు, అడుగు చెక్క

పెచ్చు లేవకముందే నారను తెంపే అతి పాత ఉపాయం కత్తి. ఉక్కు స్కేలు ఆనించి, పదునైన కటింగ్ బ్లేడుతో గీత మీద రెండు మూడుసార్లు గాటు పెట్టాలి. ముఖపొర మిల్లీమీటరులో మూడో వంతే గనుక రెండు గాట్లతో తెగిపోతుంది. మొదటి గాటు తేలికగా, దారి చూపడానికి మాత్రమే వేయాలి. తొలిసారే గట్టిగా అదిమితే కత్తి నార వెంబడి పక్కకు జారుతుంది. రంపం గాటుకు తగిలి తగలనట్లుగా, పారవేయవలసిన ముక్క వైపున నడవాలి. పెచ్చు గాటు దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. ఉంచుకోవలసిన ముక్క వైపు ఒక గాటు చాలు. రెండు ముక్కలూ కావలసినవే అయితే బ్లేడు మందం ఎడంగా రెండు గాట్లు పెట్టాలి. కరెంటు లేని వేళ కూడా చేసి పెట్టుకోగల పని ఇది. ఒక్క షీటులో నాలుగు కోతలే ఉన్న ఇంటిపనికి ఇంతకన్న చవకైన సాధనం లేదు.

మాస్కింగ్ టేపు గురించి గొప్పగా చెప్పుకొంటారు. అది పొరను కొంతమేరకు అదిమిపడుతుంది, గీత స్పష్టంగా కనబడుతుంది. అంతవరకే. పెరికేటప్పుడు తొందరపడితే టేపే పొరను లేపుతుంది. అంచువైపుకు, మెల్లగా, పల్లంగా వంచి తీయాలి.

టేపుకన్న మేలైనది మిషను అడుగుపళ్లేనికి అతికించే చిన్న పలక. అడుగుపళ్లెంలో బ్లేడు కోసం ఉండే సందు వెడల్పుగా ఉంటుంది. పొర లేచేది ఆ ఖాళీలోకే. 4 లేదా 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను పళ్లెం కొలతకు కోసి, రెండు వైపులా అంటుకొనే టేపుతో పళ్లెం అడుగున గట్టిగా అతికించి, బ్లేడును మెల్లగా అందులోనుండి దించితే సరిగ్గా బ్లేడు మందం గల సన్నని సందు ఏర్పడుతుంది. ఇక కోత పొడవునా బ్లేడు పక్కనే ఆ పలక పొరను నొక్కి ఉంచుతుంది. అయితే మిషను కింది రక్షణ కవచం స్వేచ్ఛగా మూసుకొనేటట్లు వెనుకవైపు ఆ పలకలో చోటు విడవాలి. కవచాన్ని మేకుతోనో తాడుతోనో ఎత్తి కట్టివేసి ఈ ఏర్పాటు చేయడం వేలు పోగొట్టుకొనే దారి. పలక మందం మేరకు కోత లోతు తగ్గుతుందన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

షీటు కింద ఏమున్నదన్నది పైన ఉన్నదానికన్న తక్కువ ముఖ్యం కాదు. రెండు స్టూళ్ల మీద షీటును వేసి నడుమ కోస్తే కోత చివరికి వచ్చేసరికి షీటు కుంగి, సందు మూసుకొని బ్లేడును పట్టివేస్తుంది. మిషను ఎగిరి వెనుకకు తన్నడానికి ముఖ్యకారణం ఇదే. విరిగిపడే ముక్క చివరి అంగుళంలో మూలను ఊడబెరుకుతుంది కూడా. నేలమీద పనిచేసే చోట రెండంగుళాల థర్మోకోల్ షీటు పరచి దానిమీద ప్లైవుడ్‌ను వేసి కోయడం సులువైన మార్గం. రెండు ముక్కలకూ పొడవునా ఆధారం ఉంటుంది, బ్లేడు థర్మోకోల్‌లో కొద్దిగా గాడి చేస్తుంది, అంతే. థర్మోకోల్ లేకుంటే ఒకే ఎత్తుగల నాలుగు రీపర్లు సరిపోతాయి. కోతకు ఇరువైపులా రెండేసి వేయాలి.

గైడు లేకుండా చేతివాటంగా కోస్తే బ్లేడు గాడిలో పక్కకు ఒరుగుతుంది. అప్పుడు కిందికి దిగే వెనుక పళ్లు అంచును మరలా గీకుతాయి. వంకరలేని అల్యూమినియం సెక్షనును రెండు సి-క్లాంపులతో బిగించి, అడుగుపళ్లెం అంచును దానికి ఆనించి నడపాలి. పళ్లెం అంచుకు, బ్లేడుకు మధ్య దూరం ఎంతో ఒక వ్యర్థపు ముక్క మీద కోసి కొలిచి, ఆ కొలతను మిషను మీదనే రాసి పెట్టుకోవడం తెలివైన పని.

మార్బుల్ కట్టర్ ముచ్చట

పై మాటలన్నీ అసలైన రంపపు మిషనును ఉద్దేశించినవి. వాస్తవంలో ప్లైవుడ్ కోసే పనివారి చేతిలో తరచు కనబడేది మార్బుల్ కట్టర్. చవక, తేలిక, గ్రానైటుకూ చెక్కకూ ఒకటే యంత్రం. 110 మిల్లీమీటర్ల చెక్క బ్లేడు దానికి సరిపోతుంది. పెచ్చుల దృష్టితో చూసినా, ప్రాణరక్షణ దృష్టితో చూసినా అది రెండో తరగతి సాధనమే.

చక్రం చిన్నదైన కొద్దీ పళ్లు నిలువుగా బయటపడతాయి. అదే 18 మిల్లీమీటర్ల షీటును, అదే 3 మిల్లీమీటర్ల అదనపు లోతుతో కోసినప్పుడు 110 మిల్లీమీటర్ల బ్లేడు పళ్లు 50 డిగ్రీలు దాటిన వాలుతో పైముఖాన్ని చీలుస్తాయి. పెద్ద మిషనులో అది 40 డిగ్రీలు. అందుచేత కట్టర్ వాడేవారికి 2 మిల్లీమీటర్ల తొలి గాడి, కత్తి గాటు మరింత అవసరం.

అంతకన్న పెద్ద సంగతి వేగం. మార్బుల్ కట్టర్ నిమిషానికి 12,000 నుండి 13,000 సార్లకు పైగా తిరుగుతుంది. రాతిచక్రానికి పళ్లు లేవు గనుక ఆ వేగానికి తట్టుకొంటుంది. పళ్లున్న బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషను వేగంకన్న తక్కువైతే కార్బైడ్ మొన ఊడి తూటాలా ఎగరవచ్చు. ఈ యంత్రానికి పైన స్థిరమైన మూత ఉంటుందే తప్ప, కోత ముగియగానే స్ప్రింగుతో మూసుకొనే కింది కవచం లేదు. స్విచ్చి ఆపిన తరువాత కొన్ని సెకండ్లు తిరుగుతూనే ఉండే బ్లేడును నేలమీద పెట్టినా, తొడకు ఆనించినా జరిగేది ఊహించుకోవచ్చు. రాతిపని కోసం చేసిన కట్టర్‌కు పళ్ల బ్లేడు బిగించరాదని తయారీదారుల సూచనల పుస్తకాలే హెచ్చరిస్తాయి. నెలలో పది షీట్లు కోసే పనివారైనా సరే, అసలైన రంపపు మిషను కొనుక్కోవడం దుబారా కాదు. ఒకటి రెండు షీట్లు మిగిలితే దాని ఖర్చులో కొంత తిరిగి వచ్చినట్లే. వేలికి వెల కట్టేవారు లేరు.

రాయచూరు ఎండ

కర్ణాటకలో అధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే జిల్లాల్లో రాయచూరు ఒకటి. వేసవిలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ విశేషం కాదు. భారత ప్రమాణం ఐ.ఎస్. 303 ప్లైవుడ్‌లో తేమ 5 నుండి 15 శాతం మధ్య ఉండాలంటుంది. మిల్లు నుండి సరైన తేమతో బయలుదేరిన షీటు రేకుల కప్పు కింద, ఏప్రిల్ ఎండలో పదిరోజులు నిలబెడితే ముఖపొర ఎండి పెళుసవుతుంది. పెళుసు పొర గాజులా పగులుతుంది. వానాకాలంలో దీనికి విరుద్ధం. తేమ పీల్చిన పొర తెగక పీచుగా లాగబడుతుంది. షీట్లను నీడలో, గోడకు ఆనించి కాక నేలమీద బద్దల పైన చదునుగా పడుకోబెట్టి ఉంచాలి. కోతకు ముందు గీత మీద తడిగుడ్డతో ఒకసారి అద్ది, రెండు నిమిషాలు ఆగితే ఎండిన పొర కొంత మెత్తబడి తక్కువగా పగులుతుంది. అద్దడమే గాని తడపడం కాదు. నీరు కారేటట్లు తడిపితే పొర ఉబ్బుతుంది. మిషను విద్యుత్తుతో నడిచేదన్న ఎరుకా ఉండాలి.

కరెంటు సంగతి ఒక మాట. స్తంభానికి దూరంగా కట్టే ఇళ్లకు సన్నని వైరుతో ఎక్స్‌టెన్షన్ లాగి మిషను నడిపితే వోల్టేజీ పడిపోతుంది. బరువు పడగానే బ్లేడు వేగం తగ్గుతుంది. పళ్లు ఎన్ని ఉన్నా కొరుకుడు మందమై పెచ్చులు లేస్తాయి. బ్లేడును తిట్టే ముందు వైరు వేడెక్కిందేమో పట్టి చూడాలి.

కొలతలో బ్లేడు వాటా

పెచ్చులతో నేరుగా సంబంధం లేకున్నా షీటు నష్టంతో సంబంధమున్న విషయం ఇది. 8 అడుగుల షీటు వెడల్పు 1,220 మిల్లీమీటర్లు. దానిని నాలుగు సమభాగాలు చేయాలంటే ఒక్కొక్కటి 305 అని లెక్కవేసి అలమర గీసేవారున్నారు. బ్లేడు మందం 2.5 మిల్లీమీటర్లు అయితే మూడు కోతలకు 7.5 మిల్లీమీటర్లు పొట్టుగా పోతుంది. నాలుగో ముక్క 297 దగ్గర తేలుతుంది. 303 చొప్పున గీసుకొంటే నాలుగూ సమానంగా వస్తాయి. షీటు ఫ్యాక్టరీ అంచు దెబ్బతిని ఉంటే ముందుగా అది సన్నగా కోసివేయవలసి వస్తుంది, అప్పుడు ఆ లెక్కా కలపాలి. అడ్డకోతలు ముందు చేసి, నిలువు కోతలు పిదప చేస్తే, అడ్డకోత చివర మూలలో లేచిన పెచ్చు తరువాతి కోతలో కొట్టుకుపోతుంది.

పొట్టు సంగతీ తేలికగా తీసుకోరాదు. చెక్క పొడిని కేన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో చేర్చినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 1995లో ప్రకటించింది. జిగురులోని ఫార్మాల్డిహైడ్ కూడా 2004లో అదే వర్గంలో చేరింది. మూసిన గదిలో, ఫ్యాను కింద కోయడం కన్న వాకిట్లో, గాలి వాలుకు వీపు పెట్టి కోయడం మేలు. ముక్కుకు తువ్వాలు చుట్టడం సన్నని పొడిని ఆపదు. మాస్కు, కళ్లద్దాలు ఉండాలి.

లేచిన పెచ్చుకు మందు

ఎంత జాగ్రత్త పడినా ఒకటి రెండు చోట్ల పెచ్చు లేస్తుంది. అది ఊడిపోకుండా ఒక కొస అంటుకొని ఉంటే పీకివేయరాదు. అగ్గిపుల్లతో కొద్దిగా చెక్క జిగురు దాని కిందికి పంపి, వేలితో అదిమి, పైన మాస్కింగ్ టేపు వేసి గంటసేపు వదిలితే అతుకు కనిపించదు. పూర్తిగా ఊడి దొరకని చోట, అదే షీటు ముఖపొరను ఇసుక కాగితంతో రుద్దగా వచ్చిన సన్నని పొడిని జిగురుతో కలిపి పూయాలి. మందపు కోత పొట్టు కలిపితే రంగు ముదురవుతుంది. పాలిష్ వేయబోయే ముఖం మీద మాత్రం ఈ పూత పాలిష్‌ను పక్క చెక్కలా పీల్చదు, మచ్చలా తేలుతుంది. అటువంటి ముక్కను మైకా వేసే చోటికో, అలమర వెనుక పలకకో మళ్లించడం మంచిది. మైకా వేసే ముఖం మీద పెచ్చుపడిన గుంత మిల్లీమీటరు లోపు ఉంటే పూడ్చి చదును చేస్తే చాలు. అంచుకు లిప్పింగు అతికించే చోట మాత్రం గుంత మిగలకూడదు. బద్దకూ మైకాకూ నడుమ నల్లని సందుగా అది ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది.